కన్నం తలుపు వైపు

డ్రైవరు మూడోసారి కూడా అదే చెప్పాడు. అదే వరుస, దాదాపు అవే మాటలు. డిటెక్టివ్‌కి అది నచ్చలేదు. అబద్ధం చెప్పేవాడు మూడోసారికి కాస్త మెరుగులు దిద్దుతాడు. నిజం చెప్పేవాడు కాస్త మరిచిపోతాడు. ఇతను రెండూ చెయ్యలేదు. ఎవరో బట్టీ పట్టించి ఉండాలి, లేదా చెప్పడానికి అంతకుమించి ఏమీ లేకపోయి ఉండాలి.

స్టేషను వెనక గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఫైళ్ళ బీరువా ఉన్నాయి. బీరువాకి గొళ్ళెం ఉంది, తాళం లేదు. ఇన్‌స్పెక్టరు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"మధ్యాహ్నం వీణ్ణి మేజిస్ట్రేటు ముందు పెడుతున్నా బావా. అప్పటిదాకా అడుక్కో. ఇద్దరికీ టీ కూడా చెప్పమంటావా?"

ఇన్‌స్పెక్టరు డిటెక్టివ్ భార్యకి తమ్ముడు. డిటెక్టివ్ ఒకప్పుడు ఇన్సూరెన్సు కంపెనీలకి నష్టాలు మదింపు చేసేవాడు. ఉద్యోగం మానేసి సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టాక బావమరిది మూసేసిన కేసులు రెండు తిరగతోడాడు. అప్పట్నుంచీ ఇంట్లో భోజనాలకి కూర్చున్నప్పుడు ఇద్దరి మధ్యా ఆవిడే కూర్చుంటోంది.

డ్రైవరు కథ ఇది. బుధవారం ఉదయం అతను ప్రణాళికా శాఖ ఆఫీసరుని కారులో తాళాల వీధికి తీసుకొచ్చాడు. ఆ వీధిలో ఏ షెడ్డులోనూ తాళం మొత్తం తయారవదు. ఒకరు డొక్క, అంటే తాళం పైపెట్టె కోస్తారు, పక్కవాళ్ళు లోపల కదిలే లివర్లు, ఆ పక్కవాళ్ళు స్ప్రింగులు, తర్వాత చెవులు, బిగింపు, చివర మెరుగు, పూత. పళ్ళెం చేతులు మారుతూ వీధి పైనుంచి కిందికి నడుస్తుంది. ప్రభుత్వం ఆ వీధిని క్లస్టరుగా, అంటే ఒకే పరిశ్రమ సముదాయంగా గుర్తించింది. రోడ్డు వేసింది, కరెంటు లైను మార్చింది, అందరూ కలిసి వాడుకునే పూత కేంద్రం ఒకటి కట్టించింది. వీధిలో దాన్ని సెంటరు అంటారు. షెడ్లన్నీ నడుస్తున్నాయా, సెంటరుని వాడుతున్నారా అని ఆఫీసరు స్వయంగా చూసి రాస్తేనే రెండో విడత సాయం వస్తుంది.

పొద్దున్న ఆఫీసరు పై సగం షెడ్లు చూశాడు. భోజనం చేసి, ఒక్కడే సెంటరులోకి వెళ్ళాడు. ఫోను కారులో ఛార్జింగుకి పెట్టి వెళ్ళాడు. డ్రైవరు మలుపు అవతల నీడలో కారాపి, అద్దాలెత్తి, ఏసీ వేసుకుని నిద్రపోయాడు. లేచేసరికి ఎండ తగ్గింది. సెంటరుకి తాళం వేసి ఉంది. సార్ కింది షెడ్లకి వెళ్ళి ఉంటాడనుకుని వీధంతా వెతికాడు. దీపాలు పెట్టే వేళకి తాళాల సంఘం ప్రెసిడెంటు తన దగ్గరున్న రెండో చెవితో తలుపు తీశాడు. ఆఫీసరు తలుపు వెనకే పడి ఉన్నాడు. పూత తొట్లు వేడెక్కితే వచ్చే ఆవిరి పీల్చి పోయాడని డాక్టరు రాశాడు. రెండు అరచేతుల అంచులూ కమిలి ఉన్నాయని కూడా రాశాడు. అంటే తలుపు బాదాడు.

పోలీసుల కథ ఇంకా చిన్నది. ఆఫీసరు లోపలికి వెళ్ళేటప్పుడు తాళం గొళ్ళేనికే వేలాడేసి, చెవి దానికే వదిలేశాడు. ఎవరో తలుపు మూసి, తాళం వేసి, చెవి పట్టుకుపోయారు. ఆ చెవి కారులో డ్రైవరు కాళ్ళకింది పట్టా కింద దొరికింది. ఉదయమే ఆఫీసరు అతణ్ణి పదిమంది ముందు తిట్టాడు, ఏసీ వేసుకుని నిద్రపోయే డ్రైవరు తనకి అక్కర్లేదన్నాడు.

డిటెక్టివ్ సంచిలోంచి ఒక తాళం, చెవి తీసి బల్లమీద పెట్టాడు. సెంటరుకి ఉన్నదీ, ఇదీ ఒకే రకం. ఇనప డొక్క. వెనక వైపు నాలుగు రివెట్ల తలలు. ముందు వైపు చెవి దూరే కన్నం, దానిమీద పక్కకి జరిగే రేకు మూత, మూత జరపడానికి చిన్న బొడిపె. ఇది నొక్కితే పడే తాళం కాదు, చెవి తిప్పాలి.

ఆ తాళం కూడా తేలిగ్గా దొరకలేదు. తాళాల వీధిలో మామగారికి లివర్లు కోసే షెడ్డు ఉండేది. ఆయన పోయాక మూతబడింది. దాని చెవి డిటెక్టివ్ ఇంట్లో గుమ్మం పక్క మేకుకి వేలాడుతూ ఉంటుంది. షెడ్డు తాళం తెచ్చుకుందామని స్టేషనుకి బయల్దేరేముందు చూస్తే మేకు ఖాళీగా ఉంది. తమ్ముడు పట్టుకెళ్ళాడు, ఎవరికో అద్దెకి చూపించాలట అని భార్య వంటింట్లోంచే చెప్పింది. అందుకని సొంత పెరటి తలుపు తాళం ఊడదీసుకుని వచ్చాడు.

"దీన్ని ఆ బీరువాకి వెయ్యి" అన్నాడు డ్రైవరుతో.

డ్రైవరు ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. తర్వాత తాళం తీసుకుని గొళ్ళేనికి తగిలించి, కన్నం తనవైపు ఉండేలా సర్దుకున్నాడు. మూత పక్కకి జరిపి చెవి దూర్చి తిప్పాడు. మొదటిసారి పడలేదు, రెండోసారి పడింది.

"చూశావా బావా. వెయ్యడం వచ్చు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

డిటెక్టివ్ చూడాలనుకున్నది కూడా అదే. డ్రైవరుకి ఆ తాళం వెయ్యడం రాకపోతే పని తేలికయ్యేది.

బయటికి వస్తూ బావమరిదిని ఒక ప్రశ్న అడిగాడు: సెంటరు దగ్గరికి అతను ఎప్పుడు వెళ్ళాడని. శవం దొరికిందని ఫోను వచ్చాకే వెళ్ళానని ఇన్‌స్పెక్టరు చెప్పాడు. "నాన్న పోయాక ఆ వీధిలో అడుగుపెట్టడం అదే మొదలు" అన్నాడు.

స్టేషను మెట్లమీద డ్రైవరు అక్క కూర్చుని ఉంది. కుట్టుపని చేస్తుంది. చీర అంచుకి రంగురంగుల దారపు ముక్కలు అంటుకుని ఉన్నాయి. తల్లి పోయాక తమ్ముణ్ణి ఆవిడే పెంచింది. డిటెక్టివ్‌ని పెట్టుకున్నది ఆవిడే.

"వాడు నిద్రపోయానన్నాడంటే పోయాడనే అర్థమండీ. వాడి పెళ్ళిలోనే నిద్రపోయాడు. ఫోటోలు కూడా ఉన్నాయి." నవ్వబోయి ఆగిపోయింది. "మా తమ్ముడికేమీ కాదుగా?"

ఇప్పుడే చెప్పలేనన్నాడు డిటెక్టివ్. అలా అన్నందుకు వీధి మలుపు దాకా తనని తాను తిట్టుకున్నాడు.

సెంటరు వీధికి పై మొదట్లో ఉంది. చుట్టుపక్కల షెడ్లు లేవు. పూత అన్నిటికన్నా చివరి పని. ఆ పని జరగాల్సింది వీధికి కింది కొసన. ప్రభుత్వ స్థలం పైన ఖాళీగా ఉందని ప్లాను గీసినవాళ్ళు సెంటరుని పైన కట్టారు. తయారైన తాళాల్ని మళ్ళీ మోసుకుంటూ పైకి ఎవరొస్తారు? ఎవరూ రాలేదు. వీధి పాత పద్ధతిలోనే కింద బకెట్లలో పూత వేసుకుంటోంది. అందుకే బుధవారం ఒక మనిషి లోపలినుంచి తలుపు బాదుతుంటే వినడానికి అక్కడ ఎవరూ లేరు. కింది షెడ్లలో రేకు కోసే ప్రెస్సుల చప్పుడు మాత్రం ఇక్కడిదాకా వస్తోంది.

కాపలాకి ఒక కానిస్టేబులు ఉన్నాడు. తలుపు తాళం వెయ్యకుండా దగ్గరికి వేసి ఉంది. సెంటరు తాళాన్ని పోలీసులు పట్టుకెళ్ళారు. తలుపు పక్కన బయటి గోడకి స్విచ్చుల పెట్టె ఉంది. శవం దొరికిన సాయంత్రం లోపలికి వెళ్ళేముందు ప్రెసిడెంటు మెయిను కట్టేశాడట, తర్వాత ఎవరూ ముట్టుకోలేదట. డిటెక్టివ్ మెయిను వేశాడు. 'ఎగ్జాస్టు ఫ్యాను' అని రాసిన చోట పచ్చలైటు వెలిగింది. పోలీసు కథలో డ్రైవరు ఫ్యాను కూడా కట్టేశాడు. స్విచ్చు మాత్రం వేసే ఉంది.

లోపల వరసగా తొట్లు ఉన్నాయి. ఆఫీసరు వస్తున్నాడని వాటిని నింపి, హీటర్లు వేసి ఉంచారు. పని నడుస్తున్నట్టు కనపడాలి కదా. కిటికీలు చెయ్యి అందనంత ఎత్తులో ఉన్నాయి. ఫ్యాను గోడలో, రేకు రెక్కల వెనక ఉంది. కింద నిలబడి చూస్తే తిరుగుతోందో లేదో తెలియదు. డిటెక్టివ్ స్టూలెక్కి రెక్కలు ఎత్తి చూశాడు. ఫ్యాను తిరగడం లేదు. దాని వైరు చుట్ట చుట్టి, కొనకి టేపు అంటించి ఉంది. లైటుకి కరెంటు ఇచ్చారు, ఫ్యానుకి ఇవ్వలేదు. ప్రారంభోత్సవం నాడు రిబ్బను కత్తిరించాక ఇక్కడ ఒక్క తాళానికైనా పూత వేసి ఉంటే ఈ సంగతి ఆ రోజే బయటపడేది.

అతను స్టూలు దిగి కాసేపు అలాగే నిలబడ్డాడు. తాళం వేసినవాడికి ఈ ఫ్యాను సంగతి తెలుసా? తెలిస్తే అది హత్య. తెలియకపోతే, వాడికి కావలసింది ఆఫీసరు కాసేపు లోపల ఉండటమే. ఎందుకు?

తర్వాత తలుపు చూశాడు. ఇనప రేకు తలుపు, పచ్చరంగు. లోపలి వైపు ఛాతీ ఎత్తులో చేతుల మరకలు ఉన్నాయి. వాటిని ఎక్కువసేపు చూడలేదు. బయటి వైపు గొళ్ళెం కింద రంగు లేచిపోయి ఉంది. గోరుతో గిల్లినట్టు చిన్న చిన్న గంట్లు, ఒకదానిమీద ఒకటి. లోపలి ఇనుము మెరుస్తోంది, ఇంకా తుప్పు పట్టలేదు.

లోపల మనిషి బాదిన ప్రతిసారీ బయట తాళం ఎగిరి తలుపుకి కొట్టుకుంది. గంట్లు దానివే. అయితే తాళంలో ఏ భాగం కొట్టుకుంది?

తన తాళాన్ని డ్రైవరు వేసినట్టే, కన్నం బయటికి పెట్టి తగిలించాడు. తలుపుకి ఆనుతున్నది వెనక వైపు నాలుగు రివెట్లు. గంట్లు ఉన్న చోట ఒక్క రివెట్టూ లేదు. తాళాన్ని తిప్పి, కన్నం తలుపు వైపు పెట్టాడు. మూత మీది బొడిపె సరిగ్గా గంట్ల మధ్యకి వచ్చింది.

కానిస్టేబుల్ని లోపలికి పంపి, తలుపు మూసి, గట్టిగా బాదమన్నాడు. కానిస్టేబులు ఒకసారి బాది, సార్ తాళం తీస్తారుగా అని లోపలినుంచి అడిగాడు. తీస్తాను, మళ్ళీ బాదు అన్నాడు డిటెక్టివ్. తాళం ఎగిరి పడింది. పాత గంట్ల పక్కన అలాంటిదే కొత్తది ఒకటి పడింది. తలుపు తీసి దాన్ని కానిస్టేబులికి చూపించాడు. చూసింది చూసినట్టు గుర్తుపెట్టుకోమన్నాడు.

డ్రైవరు కన్నం తనవైపు పెట్టుకున్నాడు. ఎవరైనా అలాగే పెట్టుకుంటారు. కన్నం తలుపు వైపు పెడితే చెవి దూర్చడానికి తాళాన్ని ఎత్తి, తిప్పి పట్టుకోవాలి. అంత కష్టం ఎవరు పడతారు? అతనికి సమాధానం తెలుసనిపించింది, కానీ ఎక్కడ చూశాడో వెంటనే తట్టలేదు.

ప్రెసిడెంటు షెడ్డు కింది కొసన ఉంది. వీధి వెంట నడుస్తుంటే పై సగంలో ఒక లివర్ల షెడ్డు యజమాని గుమ్మంలో చేతులు కట్టుకుని కనిపించాడు. లోపల నేలమీద నాలుగు బోల్టులు నిలబడి ఉన్నాయి, వాటిమీద ఏమీ లేదు. పని లేదా అని అడిగాడు డిటెక్టివ్.

"మా ప్రెస్సు చుట్టపుచూపుగా కిందికి వెళ్ళిందండీ. అక్కడ మర్యాదలు బాగున్నట్టున్నాయి, ఇంకా తిరిగి రాలేదు."

పక్కషెడ్డులోంచి ఎవరో అతణ్ణి నోరు మూసుకోమన్నారు. డిటెక్టివ్ నడక ఆపలేదు. ఆఫీసరుని లోపల ఎందుకు ఉంచారో తెలిసిపోయింది.

ప్రెసిడెంటు బల్ల ముందు కూర్చుని బిగించిన తాళాలు ఒక్కొక్కటే వేసి తీసి చూస్తున్నాడు. అరవై దాటినవాడు. అడిగిన ప్రశ్నకన్నా అడగని ప్రశ్నకి ఎక్కువ జవాబు చెప్పే రకం. తలుపు తీసినప్పుడు తాళం ఎలా ఉందని డిటెక్టివ్ అడిగాడు. మామూలుగానే ఉందన్నాడు.

"మామూలుగా అంటే ఎలా? ఈ తాళం మీ బీరువాకి వేసి చూపించండి."

ప్రెసిడెంటు తాళం అందుకుని, మాట్లాడుతూనే, కన్నం బీరువా తలుపు వైపు పెట్టి తగిలించాడు. దాన్ని ఒకచేత్తో ఎత్తి, రెండో చేత్తో చూడకుండా చెవి దూర్చి తిప్పాడు. వదిలేశాడు. తాళం వీపు వీధికి కనపడేలా వేలాడింది.

ఎందుకలా వేశారని అడిగితే ఆయనకి ప్రశ్న అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. కింది షెడ్లలో పొద్దస్తమానం మెరుగు పెడతారు, వీధంతా ఇత్తడి పొడి ఎగురుతుంది. కన్నం వీధి వైపు పెడితే పొడి లోపలికి పోయి లివర్లు బిగుసుకుంటాయి. చిన్నప్పుడు కన్నం బయటికి పెట్టి వేస్తే వాళ్ళ నాన్న చెవి మెలేసేవాడు. తాళం చెవి కాదు, తన చెవి అని ఆయనే నవ్వాడు. వీధిలో పుట్టినవాళ్ళెవరూ ఇంకోలా వెయ్యరన్నాడు.

"బయటివాళ్ళయితే?"

"బయటివాళ్ళకేం తెలుసు బాబూ. అద్దంలో బొట్టు పెట్టుకున్నట్టు మొహం చూసుకుంటూ వేస్తారు."

డిటెక్టివ్‌కి అప్పుడు తట్టింది. పెళ్ళయిన కొత్తలో భార్య ఇంటికి తాళం వేస్తుంటే, కన్నానికి సిగ్గా అని ఎగతాళి చేసేవాడు. దుమ్ము లేని వీధిలో ఇన్నేళ్ళుగా కాపురముంటున్నా ఆవిడ ఇప్పటికీ అలాగే వేస్తుంది.

ప్రెస్సుల సంగతి అడిగాడు. ప్రెసిడెంటు చేతిలో తాళం కింద పెట్టాడు. దాచడానికి ప్రయత్నించలేదు. షెడ్లు కొన్ని మూతబడ్డాయి. నడిచే షెడ్లు ఇన్ని ఉండాలని ప్రభుత్వం గీత గీసింది, ఆ గీతకి కొద్దిలో తక్కువ పడ్డారు. పొద్దున్న పై షెడ్లలో చూపించిన ప్రెస్సుల్నే మధ్యాహ్నం కింది ఖాళీ షెడ్లలో పెట్టి చూపిద్దామనుకున్నారు.

"తప్పే. కాదనను. కానీ మూతబడ్డవాటిని తెరిచినట్టు చూపించకపోతే తెరిచినవి మూతబడతాయి. ఒక్క స్ప్రింగుల షెడ్డు పోయిందంటే పైన డొక్క కోసేవాడూ, కింద బిగించేవాడూ ఖాళీగా కూర్చోవాలి. ఆ లెక్క వాళ్ళ కాగితంలో లేదు."

"మోస్తున్నంతసేపూ ఆఫీసరు సెంటరులో ఉండాలి. ఉంచుతానన్నది ఎవరు?"

ప్రెసిడెంటు గుమ్మం వైపు ఒకసారి చూశాడు. కాసేపు మాటల్లో పెడతానని ఒకతను ఒప్పుకున్నాడనీ, వీధిలో పుట్టినవాడేననీ, పేరు మాత్రం అడగొద్దనీ అన్నాడు. తాళం వేస్తాడని తాను కలలో కూడా అనుకోలేదన్నాడు. తర్వాత, అదేదో డిటెక్టివ్‌కి ముందే తెలిసిన విషయమన్నట్టు ఇంకో మాట అన్నాడు.

"అయినా మీరు నన్నడుగుతారేంటి బాబూ. మీ మామగారి షెడ్డు కూడా బుధవారం తెరిచే ఉందిగా."

షెడ్డు నాలుగు గుమ్మాల అవతల ఉంది. ఇప్పుడు మూసి ఉంది. తాళం వీపు వీధి వైపు ఉంది. తలుపు సందులోంచి చూస్తే లోపల ఒక ప్రెస్సు కనిపించింది. గడపనుంచి దాని కాళ్ళదాకా నేలమీద కొత్త గీతలు ఉన్నాయి. బోల్టులు బిగించలేదు. మామగారి ప్రెస్సుని పాత ఇనప సామానుకి అమ్మేసినరోజు బండి ఎక్కించింది డిటెక్టివే.

అక్కడే నిలబడి భార్యకి ఫోను చేశాడు. షెడ్డు చెవి ఏ రోజు ఇచ్చావని అడిగాడు. బుధవారం మధ్యాహ్నం, తమ్ముడు భోజనానికి వచ్చినప్పుడని చెప్పింది. ఎందుకని అడిగింది. ఊరికేనన్నాడు.

ఇన్‌స్పెక్టరు జీపు సెంటరు ముందు ఆగి ఉంది. డిటెక్టివ్ పైకి నడిచి వెళ్ళేసరికి అతను కానిస్టేబులుతో మాట్లాడి జీపు దగ్గరికి పంపేశాడు. మెయినుని ఇందాక వెళ్ళేముందు డిటెక్టివే కట్టేశాడు.

"మా స్టాఫ్ చేత తలుపులు బాదిస్తున్నావట. ఫీజు ఎంతిస్తున్నావు?"

"డ్రైవరు తాళం వెయ్యలేదు" అన్నాడు డిటెక్టివ్.

"చెవి వాడి కారులో దొరికింది."

"కారు తాళం వేసి ఉందా?"

"లేదు."

"చెవి అందులోకి వచ్చినప్పుడు వాడు నిద్రపోయి ఉన్నాడా, లేక వెతకడానికి వెళ్ళి ఉన్నాడా?"

"నిద్ర అని వాడంటాడు. అంత మొద్దునిద్ర ఎక్కడైనా ఉంటుందా బావా? నువ్వెన్నయినా చెప్పు, మేజిస్ట్రేటుకి కావలసింది రుజువు. వీధి కబుర్లు కాదు. నువ్వెప్పుడూ ఇంతే. ఎవడో ఒక అక్కో చెల్లో వచ్చి ఏడిస్తే చాలు, కేసు నేను తప్పు చేశాననే మొదలుపెడతావు. ఇంట్లో అక్క ముందు కూడా అదే వరస."

మాట్లాడుతూనే అతను జేబులోంచి పోలీసు సీలు తాళం తీశాడు. స్టేషనుకి సరఫరా అయ్యేది కూడా ఈ వీధి సరుకే, అదే రకం. తలుపు దగ్గరికి లాగి, తాళం తగిలించి, ఒకచేత్తో ఎత్తి, చూపు బావ మీదే ఉంచి రెండో చేత్తో చెవి తిప్పాడు. వదిలేశాడు. బొడిపె తలుపుకి తగిలి చప్పుడైంది.

డిటెక్టివ్ తాళాన్ని చూస్తూ నిలబడ్డాడు.

ఇన్‌స్పెక్టరు కూడా అటు చూశాడు. తాళం వీపు. దాని కింద రంగు లేచిన గంట్లు. అతనికి అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు, లివర్లు కోసినవాడి కొడుకు. చెయ్యి చాపి తాళం తీశాడు. తిప్పి, కన్నం బయటికి పెట్టి, మళ్ళీ వేశాడు.

"అలా ఎందుకు మార్చావు?" అన్నాడు డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టరు చెవి జేబులో వేసుకున్నాడు.

"బుధవారం మధ్యాహ్నం మా ఇంట్లో భోంచేశావు. షెడ్డు చెవి పట్టుకుని ఇక్కడికి వచ్చావు. వీధిలో అడుగుపెట్టడం సాయంత్రమే మొదలన్నావు నాతో. ప్రెస్సు దింపేదాకా ఆయన్ని లోపల ఉంచాలనుకున్నావు. సరే. దింపాక ఎందుకు తియ్యలేదు?"

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. గొంతు తగ్గింది.

"తీశాను బావా. తీసేసరికే అయిపోయింది." స్విచ్చుల పెట్టె వైపు చూశాడు. "పచ్చలైటు వెలుగుతోంది. ఫ్యాను తిరుగుతోందనే అనుకున్నా."

పోలీసులు వచ్చింది ప్రెసిడెంటు మెయిను కట్టేశాకే. ఆ లైటు వెలుగుతూ ఉండగా ఇన్‌స్పెక్టరు చూశాడంటే బుధవారం మధ్యాహ్నం ఈ తలుపు ముందు నిలబడ్డట్టే. ఆ మాట ఇద్దరిలో ఎవరూ అనాల్సిన పని లేకపోయింది.

"మళ్ళీ తాళం వేసి, చెవి తీసుకెళ్ళి నిద్రపోతున్నవాడి కాళ్ళకింద పెట్టావు."

"పెట్టాను."

"వాడికీ ఒక అక్క ఉంది."

"నాకూ ఉంది." ఇన్‌స్పెక్టరు టోపీ పెట్టుకున్నాడు. గొంతు మళ్ళీ మామూలైంది. "ఆ షెడ్డు సగం అక్క పేరున ఉంది. చెవి ఇచ్చింది అక్క. నడుస్తున్న షెడ్డని సంఘానికి రాసిచ్చిన ఇద్దరిలో ఒకరు అక్క. నేను సంతకం పెట్టమంటే ఏమిటని కూడా అడగలేదు పిచ్చిది. నువ్వు మేజిస్ట్రేటు ముందు నోరు విప్పావనుకో, రేపు స్టేషను వెనక గదిలో, ఆ డ్రైవరు కూర్చున్న కుర్చీలోనే నీ పెళ్ళాన్ని కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారు. నేను కాదు. ఇంకెవడో అడుగుతాడు, టీ కూడా ఇవ్వడు. ఆలోచించుకో బావా. మధ్యాహ్నం దాకా టైముంది."

"ఆలోచించాను. మేజిస్ట్రేటు ముందు మాట్లాడతాను. నీ కానిస్టేబులు కూడా మాట్లాడతాడు. గంటు పడటం వాడే చూశాడు."

ఇన్‌స్పెక్టరు జీపు దగ్గరికి నడిచి వెళ్ళి, కానిస్టేబుల్ని దిగమని తనే స్టీరింగు ముందు కూర్చున్నాడు.

డ్రైవరు అక్క సెంటరు గేటు బయట నిలబడి ఉంది. స్టేషనునుంచి నడిచి వచ్చినట్టుంది, ముఖమంతా చెమట. జీపు పక్కనుంచే వెళ్ళింది. ఆవిడ దానివైపు చూడలేదు.

"మీ తమ్ముడు ఇవాళ ఇంటికొస్తాడమ్మా" అన్నాడు డిటెక్టివ్.

ఆవిడ గేటు ఊచ పట్టుకుంది. కానిస్టేబులు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తనేం చెయ్యాలని అడిగాడు. తలుపు ముందునుంచి కదలొద్దనీ, ఆ గంట్లమీద ఎవరూ రంగు వెయ్యకుండా చూసుకోమనీ డిటెక్టివ్ చెప్పాడు.

జేబులో ఫోను మోగింది. భార్య.

"ఇందాక చెవి సంగతి ఎందుకడిగారు? అప్పట్నుంచీ నాకు చేతులాడటం లేదు. మా తమ్ముడికేమీ కాదుగా?"

సెంటరు ముందునుంచి మలుపు కనిపిస్తుంది. కోర్టుకీ స్టేషనుకీ కుడివైపు వెళ్ళాలి. ఎడమవైపు తిరిగితే డిటెక్టివ్ ఇల్లు. జీపు మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఎడమవైపు తిరిగింది. చెవి బుధవారమే ఇచ్చానని చెప్పగలిగేది అతని భార్య ఒక్కతే.

"పెరటి తలుపుకి తాళం లేదు. లోపల గడియ పెట్టు" అన్నాడు. అప్పటికే రోడ్డుమీదికి వచ్చి ఆటో కోసం చెయ్యి ఊపుతున్నాడు. "నేనొచ్చేదాకా మీ తమ్ముడికి తలుపు తియ్యకు."